నాయిన బిగించిన రేసింగ్ క్లచ్

మొన్న అమ్మను నల్లగండ్లలో ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. రెండు నెలలుగా మోకాలు వాచిపోయి, లేస్తే కూర్చోలేదు, కూర్చుంటే లేవలేదు. డాక్టరు కుర్రవాడే. ఎక్స్‌రేను తెర మీద పెట్టి, మోకాలి కింద నుంచి మడమ దాకా తెల్లగా మెరుస్తున్న కడ్డీ మీద పెన్ను ఆనించి, "అమ్మా, ఈ రాడ్డు చాలా పాతదిలా ఉందే, అప్పుడు కాలికి ఏమైంది?" అని అడిగాడు. అమ్మ ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "మా ఇంటాయన కారు తాకిచ్చిండు సారు. కావాల్నని గాదు. గేటు కాడ జరిగింది" అన్నది. ఇరవై ఏళ్లకు పైబడి ఎవరు అడిగినా అదే జవాబు, అదే వరుస, మధ్యలో అదే చిన్న నిట్టూర్పు. నేను పక్క కుర్చీలో ఉన్నాను. నా ఎడమ కాలు నాకు తెలియకుండానే ఊగడం మొదలుపెట్టింది. డాక్టరు ఒకసారి నా చెప్పు వైపు చూసి మళ్లీ తెర వైపు తిరిగాడు.

ఆ మాట అబద్ధం. ఆ రోజు కారులో ఉన్నది నాయిన కాదు, నేను. ఈ సంగతి తెలిసినవాళ్లు ముగ్గురమే. నాయిన పోయి ఆరేళ్లయింది. మిగిలింది అమ్మా నేనూ. మేమిద్దరం ఒకే ఫ్లాట్‌లో ఒకే వంటగదిలో తిరుగుతాం, ఒకే టీవీ చూస్తాం, కానీ ఆ పొద్దుటి సంగతి ఒక్కసారైనా నోటితో అనుకోలేదు. డాక్టరు దగ్గర నుంచి వచ్చాక ఆ వారమంతా నాకు ఒకచోట నిలకడ లేదు. ఆఫీసు మీటింగులో లేచి నిలబడతాను. వంట మధ్యలో బాల్కనీలోకి పోతాను. ఉతికిన బట్టలు సగం మడిచి వదిలేస్తాను. "ఏందే, కాలుగాలిన పిల్లి లెక్క తిరుగుతున్నవ్" అని అమ్మ కసురుకుంది. ఇక రాయకపోతే లాభం లేదనిపించింది.

అప్పుడు మా ఇల్లు చందానగర్‌లో, మార్కెట్ వెనక గల్లీలో. కింద మేము, పై పోర్షన్‌లో కిరాయికి ప్రసాద్ గారు. గోదావరి వైపు మనిషి, ప్రభుత్వ ఉద్యోగి, చొక్కా గుండీలన్నీ పెట్టుకుంటే తప్ప మెట్లు దిగేవారు కాదు. నాయిన పేరు యాదగిరి. ముంబై రోడ్డు మీద రేకుల షెడ్డు వేసుకుని కార్లు బాగుచేసేవాడు. తెల్లవారకముందే మార్కెట్‌కు కొత్తిమీర మూటలు దిగేవి, ఆ వాసన గల్లీ అంతా నిండేది. దాని మీద అమ్మ వేసిన పోపు వాసన, వాటన్నిటి కింద ఎప్పటికీ వదలని గ్రీజు, పెట్రోలు. నాయిన సాయంత్రం రాగానే పెరట్లో కూర్చుని సర్ఫులో ఇసుక కలిపి చేతులు రుద్దుకునేవాడు. ఎంత రుద్దినా గోళ్ల చుట్టూ నల్లటి అంచు పోయేది కాదు. ఆ చేతులతోనే సాసర్లో చాయ్ పోసుకుని, ఊదుకుంటూ, పాత పేపరు పరిచి ఏదో ఒకటి విప్పేవాడు. ఆయన ఉన్నదాన్ని ఉన్నట్టు ఉండనిచ్చే మనిషి కాదు. మిక్సీ బాగానే తిరుగుతుంటే ఇంకా జోరుగా తిరగాలని దాని మోటారు మార్చాడు, అది మూత ఎగరగొట్టి గోడంతా చట్నీ చేసింది. బోరు మోటారుకు ఏదో చేస్తే నీళ్లు ట్యాంకు నిండి ప్రసాద్ గారి గదిలోకి పోయాయి. అమ్మ మొత్తుకునేది, "నీకు చేతులు ఊకుండవా?" అని. ఊకుండవు. నాకు వచ్చింది ఆ చేతుల రోగమే, కాకపోతే నాకు కాళ్లలో వచ్చింది.

ఆ క్లచ్ మా ఇంటికి వచ్చిన తీరు ఇదీ. అప్పుడప్పుడే హైటెక్ సిటీలో కొలువు దొరికిన ఒక అబ్బాయి, వారానికోసారి ఎక్కడో ట్రాక్ మీద పందేలకు పోయేవాడు. వాడు ఎక్కడి నుంచో రేసింగ్ క్లచ్ తెప్పించి నాయినతో తన కారుకు బిగించుకున్నాడు. వారం తిరక్కముందే కాలు పట్టుకుని మళ్లీ వచ్చాడు. "అంకుల్, ట్రాఫిక్‌లో నా వల్ల కావట్లేదు, తీసేయండి" అన్నాడు. పాతది మళ్లీ బిగించుకుని, దాన్ని షెడ్డులోనే వదిలేసిపోయాడు. సరిగ్గా అదే సమయానికి మా ఇంటి కారు, నా వయసుకు కాస్త తక్కువ వయసున్న చిన్న డబ్బా కారు, క్లచ్ ప్లేటు అరిగిపోయి చెరువుగట్టు ఎక్కనని మొరాయిస్తున్నది. రెండింటికీ కొలత కలిసింది. ఇంకేముంది. ఆ సాయంత్రం నాయిన పేపరు మీద దాన్ని పెట్టి నాకు చూపించాడు. మామూలు ప్లేటు చుట్టూ మెత్తటి పట్టీ ఉంటుంది, మధ్యలో స్ప్రింగులుంటాయి, అది ఇంజనును మెల్లమెల్లగా పట్టుకుంటుంది. దీనికి పట్టీ లేదు, స్ప్రింగులు లేవు. రొట్టెముక్కల్లాంటి ఆరు రాగి బిళ్లలు, అంతే. "ఇది పట్టుకుంటే పట్టుకున్నట్టే బిడ్డా, ఇడిస్తే ఇడిసినట్టే. నడుమ ఏం లేదు" అన్నాడు, ఏదో మంచి గుణం చెప్తున్నట్టు. ఆయన ముఖంలో ఆ వెలుగు ఇప్పటికీ కనిపిస్తుంది.

నడుమ ఏం లేని క్లచ్‌తో చందానగర్ మార్కెట్ సందులో కారు నడపడమంటే ఏమిటో నడిపినవాళ్లకే తెలుసు. పెడల్ రాయిలా ఉండేది, ఒంటి బరువంతా వేస్తే దిగేది. ఎక్కడ పట్టుకుంటుందో తెలిసేది కాదు, వెంట్రుకవాసి తేడాలో పట్టుకునేది. ఇంజనుకు గట్టిగా ఆక్సిలరేటర్ ఇచ్చి వదిలితే కప్పలా ముందుకు దూకేది, ఇవ్వకపోతే దడదడమని వణికి ఆగిపోయేది. మామూలు బండిలా సగం నొక్కి పట్టుకుని మెల్లగా పాకిద్దామంటే కుదరదు. పాకించబోతే రెండు నిమిషాల్లో కాలిన ఇనుపవాసన. కూరగాయల బండ్ల మధ్య, ఆటోల మధ్య, ఆవుల మధ్య అడుగడుగుకూ నొక్కి వదలాలి. మొదటి ఆదివారం అమ్మ పెరుగు గిన్నె ఒళ్లో పెట్టుకుని శంకర్‌పల్లికి, వాళ్ల పుట్టింటికి, బయలుదేరింది. మార్కెట్ దాటేలోపు పెరుగంతా చీర మీదే ఉంది. "ఇది కారు గాదు, గుర్రమన్న నయం. నేనెక్క, నువ్వే ఎక్కు" అని దిగిపోయి బస్సెక్కింది. ప్రసాద్ గారు బాల్కనీ నుంచి, "యాదగిరి గారూ, మీ కారు దగ్గుతోందండీ, ఏవైనా మందు పోయించండి" అనేవారు. నాయిన నవ్వేవాడు. కానీ ఆయనకూ కష్టమే. షెడ్డులో రోజంతా కూర్చునీ లేచీ ఆయన మోకాళ్లు అప్పటికే అరిగాయి. సిగ్నల్ దగ్గర పళ్లు బిగించడం నేను చూశాను.

అందుకే ఆ కారు నా చేతికి వచ్చింది. నేను డిగ్రీ అయిపోయి, కంప్యూటర్ కోర్సు చేసి, ఇంటర్వ్యూల చుట్టూ తిరుగుతున్నాను. కాళ్లల్లో బలం ఉంది, తీరిక ఉంది. ఆదివారం పొద్దున్నే నాయిన నన్ను హైటెక్ సిటీ వైపు తీసుకుపోయేవాడు. కొత్తగూడ దాటాక అప్పుడంతా బండరాళ్లే. రాళ్లు పేల్చిన చోట తెల్లటి దుమ్ము, సగం కట్టిన అద్దాల మేడలు, వాటి మధ్య ఎవరూ తిరగని వెడల్పాటి కొత్త రోడ్లు. గొర్రెల మందలు రోడ్డు మధ్యలో పడుకునేవి. ఆ రోడ్ల మీదే నేను బండి నేర్చుకున్నాను. వంద సార్లు ఆగిపోయింది, వంద సార్లు దూకింది. నాయిన డ్యాష్‌బోర్డు మీద చెయ్యి పెట్టుకుని, "ఇంజను చెప్పేది ఇను. కాలుతోని ఆలోచించకు, చెవుతోని ఆలోచించు" అనేవాడు. ఒక రోజు ఉన్నట్టుండి చిక్కింది. కారు వణక్కుండా, దూకకుండా, నీళ్లమీద పడవలా కదిలింది. నాయిన కిటికీ బయటికి చూస్తూ మీసం దువ్వుకున్నాడు. ఆయనకే పూర్తిగా లొంగనిది నాకు లొంగిందని నాకు గర్వం నెత్తికెక్కింది. అప్పటికి లైసెన్సు లేదు, లెర్నింగ్ కాగితమే. ఆయన వందసార్లు చెప్పిన మాట ఒక్కటే. "మనిషి ముంగట ఉంటే గేరు తీసెయ్యి. ఈ క్లచ్‌ను నమ్మకు."

హైటెక్ సిటీలో ఒక చిన్న కంపెనీలో ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరాలి. అంతకు ముందు బుధవారం సర్టిఫికెట్లు చూపించి రావాలి. ఆ మేడ ముందు మా కారులో నేనే దిగాలని నా పట్టు. నాయిన పక్కన కూర్చుంటానన్నాడు. పొద్దున ఎనిమిదిన్నర. నేను తయారై, కొత్త చుడీదారు, కొత్త చెప్పులు వేసుకుని, ఫైలు పట్టుకుని హాల్లో అటూ ఇటూ తిరుగుతున్నాను. నాయిన బాత్రూములో గడ్డం గీసుకుంటున్నాడు. ఆయన గడ్డం గీసుకోవడం కూడా ఇంజను విప్పినట్టే, ఎంతకూ తేలదు. "నాయినా, ఇగ రా, లేటైతది" అని రెండుసార్లు అరిచాను. నిలవలేక, ఆయన వచ్చేలోపు కారు గేటు బయట పెడదామని వెళ్లి కూర్చున్నాను. అమ్మ వాకిలి కడిగి, గేటుకు అడ్డం పెట్టిన బండరాయిని కాలితో జరుపుతోంది. ఆ రాయి బరువు, మెల్లగా జరిపేది. నేను ఇంజను స్టార్ట్ చేసి, క్లచ్ తొక్కి, గేరు వేశాను. ఎందుకు వేశానంటే ఏం చెప్పను. ఆగలేక. ఆమె గేటు తీసిన మరుక్షణం కదలాలని. చల్లటి ఇంజను ఆగిపోతుందేమోనని ఆక్సిలరేటర్ కూడా ఇచ్చి పట్టుకున్నాను. అమ్మ రాయి జరిపింది, గేటు ఒక రెక్క తీసింది, రెండో రెక్క గొళ్లెం తుప్పుతో పట్టుకుంది. దాన్ని గుంజుతూ నా వైపు తిరిగి, "జర ఆగు" అన్నట్టు చెయ్యి చూపింది. నా ఎడమ తొడ వణకడం మొదలైంది. కడిగిన వాకిట్లో తడిసిన కొత్త చెప్పు పెడల్ మీద నుంచి జారింది.

మామూలు కారైతే ఒక్క ఊపు ఊగి ఆగిపోయేదేమో. ఇది దూకింది. అమ్మ నన్నే చూస్తోంది. నేను అమ్మనే చూస్తున్నాను. బంపరుకూ గేటు స్తంభానికీ మధ్య ఆమె కాలు ఇరుక్కున్న చప్పుడు ఇక్కడ రాయను. అమ్మ అరవలేదు. కింద కూర్చుండిపోయింది, అంతే. చీర కుచ్చిళ్ల కింద కాలు ఉండాల్సిన దిక్కున లేదు. నాయిన సగం గీసిన గడ్డం మీద నురగతో, తువ్వాలుతో పరిగెత్తుకొచ్చాడు. తలుపు తీసి నన్ను బయటికి గుంజి, తాను కూర్చుని, కారును ఒక్క గుంజుతో వెనక్కి తీశాడు. అప్పటికి గల్లీలో తలుపులు తెరుచుకుంటున్నాయి. ప్రసాద్ గారు చొక్కా గుండీలు పెట్టుకోకుండానే మెట్లు దిగుతున్నారు. నాయిన స్టీరింగ్ మీద నుంచి చెయ్యి తీయకుండా, నా వైపు చూడకుండా, "నువ్వు లోపటికి పో" అన్నాడు. నేను అమ్మ వైపు వంగాను. "పో బిడ్డా, చెద్దరు తీసుకరా" అన్నాడు. నేను లోపలికి పోయాను. చెద్దరు కోసం బీరువా తెరిచాను. వాకిట్లో ఎవరో, "ఎట్లయింది యాదన్నా?" అన్నారు. "నేనే... గేరుల ఉన్నది సూస్కోలె" అని నాయిన గొంతు వినిపించింది. చెద్దరు చేతిలో పట్టుకుని అక్కడే నిలబడ్డాను. ఇప్పటికీ అక్కడే నిలబడ్డట్టుంటుంది ఒక్కోసారి.

ప్రసాద్ గారు తన కారు తీశారు. "మీరు అమ్మగారి కాలు పట్టుకుని వెనక కూర్చోండి, నేను మెల్లగా పోనిస్తాను, కంగారు పడకండి" అని నాయినతో అన్నారు. దవాఖానలో ఆపరేషన్ చేసి కడ్డీ వేశారు. ఎలా జరిగిందని అక్కడ అడిగితే నాయిన అదే చెప్పాడు. మత్తు దిగాక అమ్మను కూడా అడిగారు. అమ్మ నాయిన ముఖం వంక కాసేపు చూసి, "మా ఇంటాయనే" అన్నదట. ఇద్దరూ మాట్లాడుకున్నది లేదు, ఒప్పుకున్నది లేదు. మూడో రోజు అమ్మను ఇంటికి తెచ్చాక శంకర్‌పల్లి నుంచి మా పెద్ద మేనమామ వచ్చాడు. చెప్పులు విప్పకుండానే లోపలికి వచ్చి, "నువ్వు మెకానిక్‌వా, కసాయోనివా? రోడ్డు మీద నడిపేదానికి ఆటల బండి సామాను ఏస్తవా? నా చెల్లెను సంపుతుంటివి గద" అని నాయిన మీదికి పోయాడు. నాయిన గోడకు ఆనుకుని తల వంచుకుని నిలబడ్డాడు. నేను చాయ్ గ్లాసుల ట్రే పట్టుకుని వంటింటి గడప మీద ఉన్నాను. నోరు తెరిచాను. "మామా, అది..." అన్నాను. నాయిన తల ఎత్తలేదు. "సుజీ, చాయ్ సల్లారుతున్నది, మామకు ఇయ్యి" అన్నాడు. నేను ఇచ్చాను. మామ తాగాడు. ఆ గ్లాసు అందించిన చెయ్యిని నేను చాలా ఏళ్లు క్షమించలేదు.

ఆ సాయంత్రం పెరట్లో నాయిన చేతులు రుద్దుకుంటుంటే పోయి నిలబడ్డాను. "ఎందుకట్ల చెప్పినవ్ నాయినా? నడిపింది నేను గద" అన్నాను. ఆయన నీళ్లు పోసుకుంటూనే, "సోమవారం పని మీద చేరుతవ్. లైసెన్సు లేదు. కేసు గీసు అంటే ఎవడు రానిస్తడు?" అన్నాడు. "అయినా అబద్ధం గద" అన్నాను. అప్పుడు నా వైపు తిరిగాడు. "అబద్ధమేడున్నది? తాకింది నా క్లచ్. నీ కాలు గాదు. మామూలుది ఉంటే మీ అమ్మ ఇప్పుడు రొట్టెలు చేస్తుండె" అన్నాడు. ఆ మాటతో నా బరువు దిగుతుందనుకున్నాడు. నాకు ఇంకోటి ఎక్కింది. ఆ ఆదివారం ఆయన గేరు బాక్స్ దింపి రేసింగ్ క్లచ్ తీసేసి మామూలుది బిగించాడు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒక్కడే, ఎవరినీ సాయం పిలవలేదు.

సోమవారం నేను సర్టిఫికెట్లు చూపించి ఉద్యోగంలో చేరాను. వద్దంటే నాయిన ఊరుకోలేదు. చందానగర్ నుంచి షేర్ ఆటోలో కొత్తగూడ దాకా, అక్కడి నుంచి నడక. ఏసీ గదిలో కూర్చుంటే టేబుల్ కింద నా ఎడమ కాలు ఊగేది. ఎదుటివాళ్ల మానిటర్ కదిలేది. "సుజాతా, ప్లీజ్, ఎర్త్‌క్వేక్ ఆపు" అని టీమ్ లీడ్ నవ్వేవాడు. ఆ కంపెనీలో ఏడాది కూడా నిలవలేదు. తర్వాత మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, మళ్లీ మాదాపూర్. ఎక్కడా కుదురు లేదు. ఎక్కువ జీతానికి మారుతోందని అందరూ అనుకున్నారు. నేనూ అలాగే చెప్పుకున్నాను. అమ్మ మంచం మీదున్న ఆ నాలుగు నెలలు నేను పొద్దున చీకటితోనే లేచి పోయేదాన్ని, అందరూ అలసిపోయాక వచ్చేదాన్ని. అమ్మ మంచం ఉన్న గది గడప దాటేదాన్ని కాదు. తొందర పని ఉన్నట్టు పలకరించి వచ్చేసేదాన్ని. షెడ్డు దగ్గర మాటలు మొదలయ్యాయి. సొంత పెండ్లాం కాలు ఇరగ్గొట్టిన మెకానిక్ అని మార్కెట్‌లో అనడం నేనే విన్నాను. రోజుకు ఐదారు బండ్లు నిలబడే చోట ఒకటో రెండో నిలబడేవి. రెండేళ్ల తర్వాత ముంబై రోడ్డు వెడల్పు చేసినప్పుడు షెడ్డు ఎలాగూ పోయింది. నాయిన మియాపూర్‌లో ఇంకొకరి వర్క్‌షాపులో చేరాడు, ఇంకొకరు చెప్పిన పని ఇంకొకరు చెప్పినట్టు చేశాడు. రోడ్డు వెడల్పుకూ నా కాలు జారడానికీ సంబంధం లేదని ఎవరైనా అంటారు. నేనూ అనుకుంటాను. కాసేపు.

ఇప్పుడు నేను నడిపే కారుకు క్లచ్చే లేదు. ఎడమ కాలికి అందులో పనే లేదు. ఆ రోజుల్లో గొర్రెలు పడుకున్న రోడ్ల మీద ఇప్పుడు సాయంత్రం ఆరింటికి కిలోమీటరు దాటడానికి అరగంట. ఫ్లైఓవర్ కింద, మేడల నీడలో, ముందున్న ఎర్ర లైట్లు చూస్తూ కూర్చుంటాం. బండి తనంతట తాను పాకుతుంది, తనంతట తాను ఆగుతుంది, ఎవరైనా అడ్డం వస్తే తానే బ్రేకు వేసుకుంటుందట. నాయిన దీన్ని చూస్తే నాలుగు రోజుల్లో విప్పి పెట్టేవాడు. ఇంత భద్రమైన బండిలో అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని రెండోసారి డాక్టరు దగ్గరికి పోతున్నప్పుడు నేను ఒక నిశ్చయానికి వచ్చాను. డాక్టరు మోకాలు వంచి చూసి, ఫైలు తిరగేస్తూ, "పాత ఇంజురీ... హస్బెండ్ కారు..." అని తనలో చదువుకుంటుంటే, "కాదండీ. ఆ రోజు కారు నడిపింది నేను" అన్నాను. గొంతు పెద్దగా వచ్చింది. బయట కూర్చున్నవాళ్లకు కూడా వినిపించి ఉంటుంది. డాక్టరు తల ఎత్తి, "ఓకే మేడమ్. కడ్డీ బాగానే కూర్చుంది, దాంతో ప్రాబ్లం లేదు. ఇది వయసు వల్ల వచ్చే అరుగుదల" అని మందులు రాశాడు. ఇరవై ఏళ్లు మోసినది అలా ఆయన బల్ల మీద పెట్టాను, ఆయన దాన్ని పక్కకు కూడా జరపలేదు. అమ్మ మాత్రం కారు దాకా నా చెయ్యి పట్టుకోకుండా నడిచింది.

ఇంటికి వచ్చాక సోఫాలో కూర్చుని, "ఎందుకు చెప్పినవ్?" అన్నది. "ఎన్నేండ్లు నాయిన మీద పెట్టాలె అమ్మా? పోయిన మనిషి మీద" అన్నాను. నిలబడి తిరుగుతూనే అన్నాను. "ఆ రోజు నువ్వు నన్ను చూసినవ్ గద. సూటిగ చూసినవ్. నీకు తెల్వదా?" అన్నాను. "నాకు కండ్లు లేవా? నిన్నే సూసుకుంట కింద పడ్డ" అన్నది. "మరెందుకు చెప్పలె? నాకోసమా?" అన్నాను. అమ్మ నా మీద కొంచెం జాలిపడ్డట్టు చూసింది. "జర కూసో ముందు. నీ తిరుగుడు సూస్తే నా తల తిరుగుతున్నది" అన్నది. కూర్చున్నాను.

"నీకోసం గూడ. కాదంట లేను. కానీ బిడ్డా, నేను జర స్వార్థం గూడ చేసిన" అన్నది. నాకు అర్థం కాలేదు. "మీ నాయినకు షెడ్డే లోకం. పొద్దున పోతే పొద్దుగూకినంక వస్తుండె, వస్తే ఏదో ఒకటి ఇప్పుకుంట కూసుంటుండె. పెండ్లయిన కాడికెల్లి నేను తిన్ననా లేదా అని అడిగిన మనిషి గాదు. చెడ్డోడని గాదు, యాదికి రాకుంటుండె. అప్పుడు తప్పు తన నెత్తి మీద ఏస్కున్నడు. ఏస్కున్నంక ఇగ నా పక్కన కూసుండాలె గద. నాలుగు నెలలు కూసున్నడు. నువ్వు పొద్దుగాల పోతుంటివి, నీకేం తెల్సు? షెడ్డు పదింటికి తెరుస్తుండె, రెండింటికి మూస్తుండె. గిరాకి తక్కువైందని నువ్వనుకుంటున్నవ్, తెరిస్తే గద గిరాకి వచ్చేది."

అమ్మ చెప్పుకుపోయింది. ఆయనకు వంట రాదు. మొదటి వారం రోజూ పచ్చిపులుసే చేశాడట, అదీ మిరపకాయలు కాల్చకుండా. తర్వాత అమ్మ మంచం మీద నుంచి అరుస్తూ చెప్తుంటే ఒక్కొక్కటీ నేర్చుకున్నాడు. పప్పు మెదపడానికి పానా పట్టుకున్నట్టు పట్టుకునేవాడట గరిటెను. తల దువ్వి జడ వేసేవాడు. కొబ్బరినూనెలో గ్రీజు వాసన కలిసి ఆమె దిండుకు అంటుకుంటే, ఆ దిండు గలేబును చాలా రోజులు ఉతకనివ్వలేదట. నాకు ఆ దిండు గుర్తే లేదు. గడప దగ్గర నుంచి తిరిగిపోయినదాన్ని, నాకు ఎలా గుర్తుంటుంది? "ఒకనాడు పళ్లెం తెచ్చి కింద కూసోని, ఉప్పు సరిపోయిందా అని అడిగిండు" అని అమ్మ నవ్వింది. "సరిపోలె. అయినా సరిపోయిందన్న. నువ్వో, నేనో ఉన్న సంగతి చెప్పితే, నీ తప్పుకు ఆయన గింత చెయ్యాల్నా? మళ్ల షెడ్డుకు పోతుండె. అందుకే నేను నోరు తెరవలె. మనిషి తప్పు జేసినట్టుంటేనే ఇంట్ల ఉన్నడు."

ఇంతకాలం ఆ నాలుగు నెలలను నేను నా నేరంగా దాచుకున్నాను. అదే నాలుగు నెలలను అమ్మ ఇంకో రకంగా దాచుకుంది, ఎవరూ ముట్టుకోకుండా. మేమిద్దరం ఒకే గోడకు చెరో వైపు కూర్చున్నట్టున్నాం. నాకు కోపం రావాలో, ఏడుపు రావాలో తెలియలేదు. నాయిన ఆ షెడ్డు పోగొట్టుకుని ఇంకొకరి కింద పనిచేసిన రోజులు అమ్మ లెక్కలో ఉన్నాయా అని అడగాలనిపించింది. అడగలేదు. అడిగే హక్కు నాకు ఎక్కడిది?

"మరి కాలు? అంత నొప్పి పెట్టుకుని నీకు మంచిగ ఎట్లుండె అమ్మా?" అన్నాను చివరికి.

అమ్మ మోకాలి మీద చెయ్యి వేసుకుని మెల్లగా రుద్దుకుంది. "నొప్పి లేదంటినా? మస్తు నొప్పి ఉండె. నొప్పి గూడ ఉండె, మీ నాయిన గూడ ఉండె" అన్నది. కాసేపు కిటికీలో నుంచి ఎదుటి అపార్ట్‌మెంట్ వైపు చూసింది. "ఇప్పుడు నొప్పి ఒక్కటే ఉన్నది" అన్నది.